ఇంకా పుట్టని బొమ్మకు బయానా

— ఫైనలియర్ బి.యస్సీ. విద్యార్థి

యానిమే అంటే ఏమిటో మన హాస్టల్లో ఎవరికీ వివరించి చెప్పనక్కర లేదు. రాత్రి పది గంటలకు ఏ గది తలుపు తట్టినా ఏదో ఒక జపాను కథ ఫోనులో నడుస్తూనే ఉంటుంది. కాని ఆ కథల్లోని పాత్రలను జానెడు ఎత్తు బొమ్మలుగా పోత పోసి, రంగులు వేసి, అద్దం రేకు పెట్టిన అట్టపెట్టెల్లో అమ్మే పెద్ద వ్యాపారం ఒకటి జపానులో ఉన్నదనీ, వాటిని తెప్పించుకుని అలమరలో దాచుకునేవాళ్ళు మన ప్రాంతంలోనూ ఉన్నారనీ చాలామందికి తెలియదు. ఆ బొమ్మలను ఫిగర్లు అంటారు. (ఈ మాటకు మన కుర్రకారు ఇచ్చుకున్న అర్థం వేరు. దానితో ఈ వ్యాసానికి ఏ సంబంధమూ లేదని మొదటే మనవి చేసుకుంటున్నాను.)

ఈ ఫిగర్లు సేకరించేవాళ్ళ మాటలు వింటే మీకొక విచిత్రం కనిపిస్తుంది. తపాలా బిళ్ళలు సేకరించేవాడు తన దగ్గర ఉన్న బిళ్ళల సంగతి చెబుతాడు. పాత నాణేలు పోగుచేసేవాడూ అంతే. వీళ్ళు మాత్రం ఉన్నదాన్ని గురించి తక్కువ, రాబోయేదాన్ని గురించి ఎక్కువ మాట్లాడుకుంటారు. ఫలానా కంపెనీ ఫలానా పాత్రకు రంగు వేయని నమూనా చూపించిందట, ఫలానా బొమ్మకు వచ్చే వారం ఆర్డర్లు తెరుస్తారట, పోయిన ఏడాది ఆర్డరు పెట్టిన బొమ్మ మళ్ళీ మూడు నెలలు వెనక్కు పోయిందట — ఇదీ వరస. ఆర్డరు పెట్టిన రోజుకూ, బొమ్మ చేతికొచ్చే రోజుకూ మధ్య ఏడాది పట్టినా, ఒక్కోసారి ఏడాదిన్నర దాటినా వీళ్ళలో ఎవరూ ఆశ్చర్యపోరు.

ఈ సంగతి ఇంటిదగ్గర చెప్పినప్పుడు మా నాన్న ఒకే ఒక ప్రశ్న వేశాడు. "లేని సరుక్కి ముందే డబ్బులెట్టా ఒప్పుకుంటార్రా?" మాది పల్నాడు. మిర్చి, పత్తి వేస్తాము. కాయ కోసి, కళ్ళంలో ఎండబెట్టి, టిక్కీలు తొక్కి యార్డుకు తోలిన తరువాతనే దాని ధర ఎంతో తెలుస్తుంది. కొనేవాడు కాయ విరిచి చూస్తాడు, రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, తాలు ఎంత ఉందో చూస్తాడు, అప్పుడు గాని నోరు విప్పడు. అటువంటి బేరం తప్ప వేరొకటి ఎరగని మనిషి ఆ ప్రశ్న అడగటం సబబే. దానికి ఒక్క మాటలో జవాబు లేదు. రసాయన శాస్త్రం కొంత, వ్యాపార లెక్క కొంత కలిస్తేనే జవాబు తయారవుతుంది. రాబోయే బొమ్మల జాబితా చూసి ఏది కొనాలో తేల్చుకోవటానికి కూడా ఆ రెండే ఆధారం కనుక వివరంగా చెబుతాను.

ముందు డబ్బు సంగతి. ఈ బొమ్మల్లో తరగతులు చాలా ఉన్నవి. పాత్ర అసలు ఎత్తులో ఏడోవంతు, ఎనిమిదోవంతు అని కొలత పెట్టి చేసేవి స్కేలు ఫిగర్లు. 160 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నట్లు చెప్పుకునే పాత్రకు ఏడోవంతు అంటే దాదాపు 23 సెంటీమీటర్లు. తల పెద్దదిగా, ఒళ్ళు చిన్నదిగా, ముఖాలూ చేతులూ మార్చుకునేటట్లు 10 సెంటీమీటర్ల ఎత్తున చేసేవి నెండొరాయిడ్లు. గుడ్ స్మైల్ కంపెనీ వీటిని 2006 లో మొదలుపెట్టింది, ఇప్పటికి వాటి వరస సంఖ్య రెండువేలు దాటింది. కీళ్ళు కదిలే ఫిగ్మాలు 2008 లో వచ్చినవి. వీటిలో ఖరీదైనవి స్కేలు బొమ్మలే. ఏడోవంతు బొమ్మ ఇవాళ జపానులోనే సుమారు 20,000 నుంచి 30,000 యెన్ల దాకా పలుకుతున్నది. 20,000 యెన్లంటే మన డబ్బుల్లో పదకొండు పన్నెండు వేలు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్‌లో క్వింటాలుకు 11,781 రూపాయలు అని నిర్ణయించింది. అంటే జానెడు బొమ్మ ఒకటీ, క్వింటాలు మిర్చీ ఒకటే ఖరీదు! దానిపైన రవాణా కిరాయి, కస్టమ్స్ సుంకం వేరే. క్వింటాలు కాయ కోయటానికి ఎంతమంది కూలీలు కావాలో, ఎన్నిసార్లు మందు కొట్టాలో చూసి పెరిగినవాడు ఆర్డరు మీట నొక్కేముందు రెండుసార్లు ఆలోచించక మానడు.

ఇక ఈ ముందస్తు ఆర్డరు పద్ధతి ఎందుకు వచ్చిందో చూద్దాం. 1964 లో ఒసాకా దగ్గర మొరిగుచి పట్టణంలో మియావాకి ఒసాము అనే ఆయన మోడల్ బొమ్మల దుకాణం పెట్టాడు. దాని వైశాల్యం ఒకటిన్నర త్సుబో, అనగా అయిదు చదరపు మీటర్లు. మన కిళ్ళీ బడ్డీకి కాస్త పెద్ద అన్నమాట. దాని పేరు కైయోడో. 1980 దశకం మొదట్లో అక్కడి అభిమానులు, తమకు కావలసిన పాత్రలను ఏ పెద్ద కంపెనీ బొమ్మలుగా చేయకపోవటం చూసి, తామే పుట్టీతో మలచి, సిలికోన్ రబ్బరుతో అచ్చు తీసి, రెజిన్ పోసి ముక్కలు తయారు చేయసాగారు. వీటికి గ్యారేజి కిట్లు అని పేరు. రంగు ఉండదు, అతికించి ఉండవు. కొన్నవాడే గరుకు కాగితంతో రుద్ది, అతికించి, రంగు వేసుకోవాలి. వీటి అమ్మకం కోసం జనరల్ ప్రొడక్ట్స్ అనే ఒసాకా సంస్థ వాళ్ళు 1985 జనవరిలో వండర్ ఫెస్టివల్ అనే సంత పెట్టారు. 1992 నుంచి దాని నిర్వహణ కైయోడో చేతికి వచ్చింది. 2009 వేసవి నుంచి టోక్యో పక్కన చిబాలోని మకుహారి మెస్సే అనే పెద్ద ప్రదర్శనశాలలో ఏటా శీతాకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి జరిగేది ఈ సంతే.

ఆ సంతలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటున్నది. పాత్ర మీద హక్కు ఎవరిదో వాళ్ళు, సామాన్య అభిమానికి ఆ ఒక్క రోజు, ఆ ఒక్క చోట బొమ్మ అమ్ముకోవటానికి మాత్రం అనుమతి ఇస్తారు. సాయంత్రం సంత ముగిస్తే హక్కూ ముగుస్తుంది. మర్నాడు అదే బొమ్మ అమ్మితే నేరం. మన తిరునాళ్ళలో ఒక్కరోజు దుకాణానికి పంచాయతీ రసీదు కోసినట్లు ఉన్నది కదా!

ఇక్కడొక విషయం గమనించాలి. గ్యారేజి కిట్టుకు బయానా అక్కర లేదు. రబ్బరు అచ్చు చవక. కొన్ని పదుల బొమ్మలు తీసేసరికి చిరిగిపోతుంది. ఆ కొన్ని పదులు అమ్ముడుపోతే చాలు, చేసినవాడి ఖర్చు గిట్టుతుంది. మన కొండపల్లి బొమ్మా అటువంటిదే. తెల్లపొణికి కర్రను ఒక్కొక్కటిగా చెక్కి, చింతగింజల పిండితో అతికే పనివానికి పది బొమ్మలు చేసినా వంద చేసినా ఒక్కో బొమ్మ మీద పడే శ్రమ దాదాపు ఒకటే.

రంగు వేసి సిద్ధంగా ఉన్న బొమ్మ వచ్చేసరికి లెక్క తలకిందులైంది. 1999 లో ఫురుతా అనే మిఠాయి కంపెనీ చాక్లెట్ గుడ్డు లోపల చిన్న చిన్న జంతువుల బొమ్మలు పెట్టి అమ్మింది. వాటిని మలచింది కైయోడో. చైనాలో రంగు వేయించిన ఆ బొమ్మల పనితనం చూసి పెద్దవాళ్ళు కూడా గుడ్ల మీద పడ్డారు. చైనా ఫ్యాక్టరీల్లో చేతిపనితో ఇంత సన్నని రంగులు వేయించవచ్చునని అందరికీ తెలిసివచ్చింది. ఆ తరువాతి పదేళ్ళలో యానిమే బొమ్మలు కూడా కిట్ల దశ దాటి, రంగు వేసిన ప్లాస్టిక్ బొమ్మలుగా వెల్లువెత్తినవి. ఈనాటికీ వీటిలో ఎక్కువ భాగం చైనాలో, ముఖ్యంగా గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో తయారవుతున్నవి. గుడ్ స్మైల్ వాళ్ళకు జపానులో టొట్టోరి ప్రాంతంలోని కురయోషిలో కూడా ఒక ఫ్యాక్టరీ వచ్చింది.

ప్లాస్టిక్ బొమ్మకు రబ్బరు అచ్చు చాలదు. కరిగిన ప్లాస్టిక్‌ను గొప్ప ఒత్తిడితో నెట్టాలి కనుక లోహపు అచ్చు కావాలి. జుట్టుకు నాలుగైదు, ముఖానికి ఒకటి, చేతులకు, బట్టల మడతలకు, పీటకు వేరువేరు. మాటవరసకు నమూనాకూ అచ్చులకూ కలిపి కోటి రూపాయలు అయిందనుకోండి. వెయ్యి బొమ్మలు అమ్మితే ఒక్కో బొమ్మ నెత్తిన పదివేలు పడుతుంది. పదివేల బొమ్మలు అమ్మితే వెయ్యి పడుతుంది. ఎన్ని అమ్ముడుపోతాయో తెలియకుండా అచ్చు కోయటం జూదమే. అందుకని ముందు నమూనా ఫోటోలు చూపి, కొన్ని వారాలో రెండు నెలలో ఆర్డర్లు తీసుకుని, తరువాత ఎన్ని చేయాలో నిర్ణయిస్తారు. రైతు పంట పండించాక ధర తెలుసుకుంటాడు. ఈ కంపెనీలు ధర చెప్పి, గిరాకీ తెలుసుకుని, ఆ తరువాత నాట్లు వేస్తున్నాయి. మా నాన్నకు ఈ సంగతి చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "తెలివైనోళ్ళు" అన్నాడు.

నిజానికి జపాను అంగళ్ళలో చాలావాటికి సరుకు బయలుదేరే సమయంలోనే డబ్బు తీసుకుంటారు. కొన్నింటికి మాత్రం ముందే మొత్తం కట్టాలి. మన దేశంలో తెప్పించి ఇచ్చేవాళ్ళు సాధారణంగా బయానా అడుగుతారు. డబ్బు ఎప్పుడు కట్టినా, నష్టభయం చాలావరకు కొనేవాని మీదకే జరిగిందన్న మాట వాస్తవం. చూసింది నమూనా, వచ్చేది నకలు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరమే రాబోయే బొమ్మల విషయంలో అసలు చిక్కు.

ఆ దూరం ఎంతో తెలియాలంటే నమూనా ఎలా పుడుతుందో తెలియాలి. కంపెనీ ముందు హక్కుదారుల దగ్గర అనుమతి తీసుకుంటుంది. తరువాత గెంకేయిషి అనే శిల్పి మూలరూపం మలుస్తాడు. వెనుక పుట్టీతో చేత్తో మలిచేవారు. ఇప్పుడు చాలామంది కంప్యూటరు మీద మలచి ముక్కలుగా ముద్రించి తీస్తున్నారు. శిల్పి పేరును బొమ్మ వివరాల్లో వేస్తారు. సేకరించేవాళ్ళలో పాత్రను చూసి కాక శిల్పిని చూసి కొనేవాళ్ళూ ఉన్నారు. మూలరూపాన్ని హక్కుదారులు పరిశీలించి, ముక్కు ఇలా కాదు, కళ్ళు అలా కాదు అని వెనక్కు పంపుతారు. ఆలస్యాల్లో కొంత భాగం ఇక్కడే. ఒప్పుకున్నాక బూడిదరంగులో ఉన్న బొమ్మను సంతలో ప్రదర్శిస్తారు. ఆ పైన ఒక నేర్పరి దానికి తన చేత్తో రంగు వేస్తాడు. ఈ రంగు వేసిన మాదిరికి డెకోమాస్ అని పేరు. ఆర్డరు పెట్టే సమయంలో మనం చూసే ఫోటో సాధారణంగా దీనిదే. ఒకే ఒక్క బొమ్మ, ఒక గొప్ప పనివాడు రోజుల తరబడి కూర్చుని చేసినది, మంచి దీపాల కింద ఫోటో తీసినది. పెళ్ళిచూపుల ఫోటో వంటిదనుకోండి.

దానికి నకళ్ళు వేలకొద్దీ తీయాలి. ఇక్కడే రసాయన శాస్త్రం అడుగుపెడుతుంది. ఈ బొమ్మల్లో ఎక్కువ భాగం పాలీవినైల్ క్లోరైడ్, అంటే పీవీసీ. ఆ పేరు మనకు కొత్తది కాదు. మా పొలంలో బోరు మోటారు దగ్గరనుంచి నీళ్ళు పారే బూడిదరంగు పైపు కూడా పీవీసీయే. మరి ఆ పైపు మీద మనిషి నిలబడినా వంగదు, ఈ బొమ్మ జడ వేలితో నొక్కితే వంగుతుంది. ఎందుకంటారా? పీవీసీ పొడుగాటి గొలుసు అణువులతో తయారైన పదార్థం. గొలుసు పొడుగునా రెండేసి కార్బన్లకొక క్లోరిన్ పరమాణువు ఉంటుంది. దానివల్ల గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, పదార్థం బిర్రుగా ఉంటుంది. ఇదీ పైపు. ఆ గొలుసుల మధ్యకు ప్లాస్టిసైజర్ అనే నూనెవంటి ద్రవాన్ని చొప్పిస్తే పట్టు సడలి, గొలుసులు ఒకదాని మీద ఒకటి జారతాయి. బండి ఇరుసుకు కందెన వేసినట్లు. ఇదీ బొమ్మ.

మెత్తన ఎందుకు కావాలి అంటే, అచ్చులోనుంచి ఊడిరావటానికి. ఎగురుతున్న జుట్టు కొసలు, పావడా మడతలు, వంకర తిరిగిన వేళ్ళు గట్టి ప్లాస్టిక్‌తో పోస్తే అచ్చుకు అడ్డం పడి విరుగుతాయి. మెత్తని పీవీసీ అయితే కొంచెం సాగి, బయటికి వచ్చి, మళ్ళీ తన ఆకారానికి చేరుకుంటుంది. కాని ఈ మెత్తదనానికి వెల చెల్లించాలి. నమూనాలో సూదిలా ఉన్న జుట్టు కొస నకలులో మొద్దుబారుతుంది. నమూనాలో నిటారుగా ఉన్న కత్తి నకలులో కొడవలి తిరుగుతుంది. అందుకే పీటలకూ, నిటారుగా ఉండవలసిన భాగాలకూ ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ వాడతారు. (వంకరపోయిన కత్తిని బాగా వేడినీళ్ళలో కొద్ది నిముషాలు ముంచి, చేత్తో సరిచేసి, వెంటనే చన్నీళ్ళలో పెడితే నిలబడుతుంది. గొలుసులు వేడిలో కదిలి, చల్లదనంలో ఆగిపోవటమే అందులోని కిటుకు.)

రంగు సంగతీ అంతే. డెకోమాస్ మీద చెంపల ఎరుపు, మడతల్లో నీడ ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్లు ఉంటుంది. ఫ్యాక్టరీలో ముక్కకు తగిన తొడుగు తగిలించి పిచికారీ కొడతారు. ఒక్కో వరుస నీడకు ఒక్కో సారి కొట్టాలి. ఖర్చు తగ్గించాలంటే మొదట పోయేవి ఈ నీడలే. కళ్ళు మాత్రం చేత్తో వేయరు. లోహపు పలక మీద చెక్కిన గీతల్లో సిరా నింపి, మెత్తని సిలికోన్ దిండుతో ఎత్తి, ముఖం మీద ఒత్తుతారు. మన రబ్బరు స్టాంపుకు అన్నగారు. కంటిపాపకు నాలుగైదు రంగులుంటే నాలుగైదు సార్లు ఒత్తాలి. అందులో ఒక్కటి అర మిల్లీమీటరు పక్కకు జరిగిందా, మన పాత్ర కాస్తా మెల్లకన్ను పిల్ల అయి కూర్చుంటుంది.

ఇంతవరకు ఫ్యాక్టరీ తప్పులు. ఇంటికొచ్చాక మరో శత్రువు ఉన్నది, అది ఎండ. ఈ బొమ్మలను రూపొందించిన వాళ్ళు జపాను గదిని దృష్టిలో పెట్టుకుని రూపొందించారు. మా పక్కనే ఉన్న రెంటచింతల పేరు మీరంతా వేసవి వార్తల్లో వినే ఉంటారు, అక్కడ 45 డిగ్రీలు దాటటం వింత కాదు. పడమటి గోడకు ఆనించిన ఇనప బీరువా లోపల ఎంత ఉంటుందో ఊహించుకోండి. ప్లాస్టిసైజర్ కలిసిన పీవీసీ ఆ వేడికి కరగదు గాని, తన బరువు తానే మోయలేక నెమ్మదిగా సాగుతుంది. దీన్ని క్రీప్ అంటారని మన భౌతిక శాస్త్ర పాఠాల్లోనే ఉన్నది. ఒంటికాలి మీద నిలబడ్డ బొమ్మ చీలమండ దగ్గర రోజుకు వెంట్రుకవాసి చొప్పున వంగి, రెండు వేసవులకు తాటిచెట్టులా పక్కకు ఒరుగుతుంది. రెండో బాధ జిగట. గొలుసుల మధ్య చొప్పించిన ద్రవానికి అక్కడ రసాయన బంధం ఏదీ లేదు. అది ఒట్టి అద్దెకున్న మనిషి. వేడికి మెల్లగా పైకి వచ్చి ఒంటికి బెల్లం పాకం పూసినట్లు చేస్తుంది, దానికి దుమ్ము పడుతుంది. గాలి ఆడని పెట్టెలో మూసిపెడితే ఇది మరీ ఎక్కువ. గోరువెచ్చని నీళ్ళలో కొంచెం మెత్తని సబ్బు కలిపి కడగటమే మందు. స్పిరిట్ వంటివి తగిలిస్తే జిగటతో పాటు రంగూ పోతుంది.

ప్లాస్టిసైజర్ అన్నాను కనుక దొంగ నకళ్ళ సంగతి కూడా చెప్పాలి. పేరున్న ప్రతి బొమ్మకూ దొంగ నకలు వస్తుంది. అమ్మేవాడు చూపే ఫోటో అసలు డెకోమాస్‌దే కనుక ఫోటో చూసి కనిపెట్టలేము. ధర చూసి కనిపెట్టాలి. మా గదిలో ఒక మిత్రుడు ఆన్‌లైనులో 900 రూపాయలకు తెప్పించిన స్కేలు బొమ్మ పెట్టె తెరవగానే కిరసనాయిలు వాసన గది నిండింది. మెడ సందులోంచి తల ఊడి రాలింది. నవ్వుకున్నాము గాని ఇందులో నవ్వులాట కానిది ఒకటున్నది. ప్లాస్టిసైజర్లలో థాలేట్లు అనే జాతి ఉన్నది. వాటిలో కొన్నింటికి పిల్లల ఆరోగ్యం దృష్ట్యా యూరపు దేశాలు 2005 లో, అమెరికా 2008 లో ఆట వస్తువుల్లో 0.1 శాతం హద్దు పెట్టినవి. మన దేశంలో ఆట వస్తువులకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయినది 2021 జనవరి 1 నుంచి. దొంగ నకలులో ఏ నూనె పోశారో, రంగులో సీసం ఎంతో ఎవరికి తెలుసు? ఇంట్లో పాకే పిల్లలుంటే ఆ బొమ్మ అందకుండా పెట్టటం కాదు, అసలు తేకపోవటమే మేలు. అసలు బొమ్మల పెట్టెల మీద కూడా 15 ఏళ్ళు దాటిన వారికి అని రాసి ఉంటుంది. అవి ఆడుకునే వస్తువులు కావని చెప్పటమే దాని ఉద్దేశం.

ఇదంతా తెలిశాక రాబోయే బొమ్మల జాబితా వేరే విధంగా కనిపించటం మొదలుపెడుతుంది. నేను ముఖం కంటే ముందు కాళ్ళు చూస్తాను. రెండు పాదాలూ పీట మీద ఆనినవా, లేక గాలిలో ఎగురుతున్నదా? ఎగురుతున్నట్లయితే దేని ఆధారం? బట్టల వెనుక దాచిన ఏబీఎస్ ఊచ ఉంటే ఫరవాలేదు. కూర్చున్న బొమ్మ, మోకాళ్ళ మీద ఉన్న బొమ్మ మా ఊరి ఎండకు తట్టుకుంటుంది. మంటలు, నీటి తరగలు, రెక్కలు పెట్టి అడుగున్నర వెడల్పు చేసిన బొమ్మలు ఈ మధ్య ఎక్కువైనవి. ఫోటోలో అవి కన్ను చెదరగొడతాయి. నా అభిప్రాయంలో అందులో సగం ఖరీదు పాత్రకు కాదు, మంటలకు కడుతున్నాము. ఆ తరువాత కంపెనీ పాత బొమ్మల ఫోటోలు చూస్తాను, నమూనావి కాదు, కొన్నవాళ్ళు ఇంట్లో తీసుకున్నవి. నమూనాకూ నకలుకూ దూరం ఏ కంపెనీకి ఎంత ఉంటుందో దానితో తెలిసిపోతుంది. యార్డులో కాయ విరిచి చూడటం వంటిదే ఇది. ఈ విషయంలో ఆల్టర్ వారికి సేకరించేవాళ్ళలో మంచి పేరు, ఎంత ఆలస్యం చేసినా జనం ఓర్చుకునేది అందుకే.

'ఇప్పుడు పెట్టకపోతే ఇక దొరకదు' అనే భయం ఒకటి ఈ వ్యాపారం మొత్తానికీ ఇంధనం. అది కొంత నిజం, కొంత అబద్ధం. ఆర్డర్లు మూసేశాక కొన్ని బొమ్మల ధర రెండింతలైన మాట నిజమే. వాటిని ముందే నాలుగైదు కొని దాచి అమ్ముకునేవాళ్ళూ ఉన్నారు. కాని అచ్చు కోసిన ఖర్చు ఒకసారి వచ్చేశాక మళ్ళీ అదే అచ్చుతో పోయటం కంపెనీకి లాభం, అందువల్ల గిరాకీ ఉన్నవాటిని రెండోసారి విడుదల చేస్తుంటారు. ఆ ప్రకటన వచ్చిన రోజున దాచినవాళ్ళ ముఖాలు చూడాలి, కోల్డ్ స్టోరేజిలో మిర్చి పెట్టి ధర పడిపోయిన వాళ్ళలాగా ఉంటారు. ఇక టోక్యోలో మందరాకె వంటి పాత వస్తువుల అంగళ్ళలో పెట్టె నలిగిందన్న ఒక్క కారణంతో తక్కువకే మంచి బొమ్మలు అమ్ముతారు. పెట్టెతో మనకేం పని?

తక్కువ డబ్బున్న విద్యార్థికి వేరే దారులు కూడా ఉన్నవి. గుడ్ స్మైల్ వారు 2019 లో పాప్ అప్ పరేడ్ అనే వరస మొదలుపెట్టి తొలుత అన్నింటికీ 3,900 యెన్లు అని ఒకే ధర పెట్టారు. తరువాత ధరలు పెరిగినా అది ఇప్పటికీ చవక వరసే. జపానులో ఆటల కేంద్రాల్లో యంత్రపు కొక్కెంతో బొమ్మ పట్టుకునే ఆట ఒకటున్నది, అందులో పెట్టే ప్రైజు ఫిగర్లు ఇంకా చవక. ఆ బహుమతి ఖరీదు మీద 800 యెన్ల హద్దు ఉండేది, 2022 లో దాన్ని 1,000 యెన్లకు పెంచారు. ఆ హద్దుకు లోబడి చేయాలి కనుక నీడలు ఉండవు, కళ్ళు సాదాగా ఉంటాయి, అయినా కొన్నింటి పనితనం చూస్తే పాతరోజుల స్కేలు బొమ్మ గుర్తుకొస్తుంది. నేను ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో కొన్నవి ఇటువంటివే నాలుగు, ఒక నెండొరాయిడ్. యెన్ విలువ పడిపోవటం కూడా మనబోటి వాళ్ళకు కలిసి వచ్చింది. 2012 ప్రాంతంలో డాలరుకు 80 యెన్లు వస్తే 2024 జులైలో 160 దాటింది. అక్కడి వాళ్ళకు అదే కష్టమైంది. ఫ్యాక్టరీ కూలి, ప్లాస్టిక్ ఖర్చు చైనా డబ్బులో కట్టాలి కనుక బొమ్మల ధరలు యెన్లలో ఎగబాకినవి.

స్కేలు బొమ్మ జోలికి నేను పోలేదు, చదువు అయ్యేదాకా పోయేది కూడా లేదు. నేను ఎదురుచూసేది ఏటా వచ్చే ఒక్క బొమ్మ కోసమే. హొక్కయిడో దీవిలో సప్పొరో మంచు పండుగలో 2010 లో హత్సునె మికు అనే పాత్రను తెల్లని బట్టలతో మంచు శిల్పంగా చేశారు. అప్పటినుంచి ప్రతి శీతాకాలానికీ ఒక కొత్త మంచు మికు వస్తున్నది, దానికి ఒక నెండొరాయిడ్ కూడా. 2012 నుంచి దాని దుస్తులు అభిమానులు పంపిన బొమ్మల్లోంచి ఎంపిక చేస్తున్నారు. కురచ కాళ్ళు, రెండు పాదాలూ నేల మీద, వెనుక ఆధారానికి ఊచ, పది సెంటీమీటర్ల ఎత్తు. ఒరిగిపోయే ప్రమాదం తక్కువ. వచ్చే ఏడాదిది ప్రకటించగానే ఆర్డరు పెట్టటానికి రెండు నెలల ట్యూషన్ డబ్బు పక్కన పెట్టాను. దాన్ని ఎక్కడ ఉంచాలన్నది కూడా తేలిపోయింది. మా ఇంట్లో వేసవిలో అన్నిటికంటే చల్లగా ఉండేది ఉత్తరపు కొట్టు, మా అమ్మ విత్తనాలు దాచేది అందులోనే. కంది విత్తనాల డబ్బా పక్కన ఒక జానెడు చోటు ఇస్తానన్నది, మంచు పిల్లకు అంతకంటే అక్కర లేదు.